మూడు పనులకు ఒక్క చమురు

(మన సంఘపు రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఊడ్పులు ముగిసి కొంత తీరిక చిక్కిన ఈ దినములలో, ట్రాక్టరును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని మమ్ము కోరిన మన సంఘమువారికి కృతజ్ఞులము. మేము ఇంజనీరులము కాము. తుంగభద్ర ఎడమ కాలువ క్రింద దమ్ము చేసికొని బ్రతుకు రైతులము. అయినను మా చిన్న ట్రాక్టరును మా చేతులతో విప్పి, మా తప్పులవలన నేర్చుకొన్న సంగతి యొకటి కలదు. గేరుపెట్టెలోని చమురును, దాని ఫిల్టర్లను సకాలమున మార్చుటయే ఆ సంగతి.

ముందుగా మా తప్పును చెప్పుకొందుము. రెండేండ్ల క్రిందట వానకారు దమ్ము నడుమ గేరుపెట్టె కొలబద్దను తీసి చూచితిమి. తేటగా నుండవలసిన చమురు పాలు పోసిన తేనీటివలె కనిపించినది. “ఈ దమ్ము కానిమ్ము, తరువాత చూతము” అనుకొంటిమి. వారము తిరుగకమునుపే లిఫ్టు బరువెత్తునపుడు వణకసాగినది. పంపు ఈల వేయసాగినది. ఒకనాటి ఉదయమున రోటవేటరు మడి నుండి లేవనే లేదు. నారు ముదురుచుండెను, కాలువ నీటి వంతు దాటిపోవుచుండెను, కూలివారు గట్టుమీద కూర్చుండి యుండిరి. అందరికిని దమ్ము పనులే గనుక బాడుగ ట్రాక్టరు దొరకుటకు నాలుగు దినములు పట్టినది. ముదిరిన నారు సరిగా పిలకలు వేయలేదు. పంపు మార్చిన ఖర్చు ఒక యెత్తు, తగ్గిన పంట మరియొక యెత్తు. ఇదంతయు కొన్ని లీటర్ల చమురును వాయిదా వేసినందులకు చెల్లించిన వడ్డీ.

గేరుపెట్టెలోని చమురు చెడినంత మాత్రమున లిఫ్టు ఏల ఆగవలెనని కొందరడుగుదురు. దీనికి మూలము ఫెర్గూసన్ పద్ధతిలో కలదు. పరికరమును ట్రాక్టరునకు తగిలించి, దున్నులోతును దానంతట అది సరిచేసికొనునట్టి యేర్పాటునకు ఐర్లండు దేశస్థుడగు హ్యారీ ఫెర్గూసన్ 1926లో పేటెంటు పొందెను. 1939లో ఫోర్డుతో కూడి వెలువరించిన ట్రాక్టరులో హైడ్రాలిక్ పంపు గేరుల గుల్లలోనే యుండి, గేరుల చమురునే వాడుకొనుచుండెను. నేటి చిన్న ట్రాక్టర్లు పెక్కింటిలో పంపు స్థానము మారినను, అది చమురును త్రాగునది ఆ గుల్లనుండియే. కనుక ఒక్క చమురే గేరుల అరుగుదలను తగ్గించును, లిఫ్టు చేతులను ఎత్తును, చమురులో మునిగి యుండు బ్రేకు పళ్లెములను చల్లార్చును. అది చెడినచో మూడు పనులును చెడును. ఇందుకే ఈ చమురునకు బదులుగా ఇంజను ఆయిలు పోయరాదు. ట్రాక్టరుతో వచ్చిన పుస్తకము ఏ రకము చెప్పినదో ఆ రకమునే కొనవలెను.

ఇక నీరు లోనికి ఎట్లు చొరబడును? మన ప్రాంతమున దీనికి మూలకారణము మన అలవాటే. సాయంకాలము దమ్ము ముగియగానే వేడిగా నున్న ట్రాక్టరును తిన్నగా కాలువలోనికి దింపి కడుగుదుము. వేడిమికి వ్యాకోచించిన లోపలి గాలి చల్లని నీరు తగులగానే సంకోచించును. గేరుపెట్టెకు ఊపిరిగొట్టము కలదు. అది బురదతో పూడి యుండెనా, గుల్ల తన ఊపిరిని ఇరుసు సీళ్ల సందులనుండి పీల్చుకొనును. అచ్చట నున్నది కాలువ నీరు. మునుపు మేమును అటులనే చేసితిమి. ట్రాక్టరు చల్లారిన పిదప గట్టుమీదనే కడుగుడు. ఊపిరిగొట్టమును దమ్మునకు ముందొకసారి, తరువాత నొకసారి శుభ్రపరుపుడు.

నీరున్నదో లేదో తెలిసికొనుటకు కొంత చమురును గాజుసీసాలో పోసి రాత్రంతయు కదల్చక ఉంచవలెను. తెల్లవారునప్పటికి అడుగున నీరు దిగినచో సందేహము తీరినట్లే. చమురులో బాగుగా కలిసిపోయిన నీరు విడిపడకపోవచ్చును. అపుడు కాచిన ఇనుపరేకుపై ఒక్క చుక్క వేసినచో చిటపటలాడును. మొగమును దూరముగా నుంచుకొని చేయుడు.

ఫిల్టరును గూర్చి ఒక మాట. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. పంపు భాగముల నడుమ సందు అందులో ఎన్నో వంతు మాత్రమే. మన కంటికి కానరాని రేణువులే అచ్చట గీతలు పెట్టును. ఆ రేణువులను పట్టుకొనునది ఫిల్టరు. చమురు మార్చి పాత ఫిల్టరును ఉంచుట, స్నానము చేసి మాసిన బట్ట కట్టుకొన్నట్లే యగును. ఫిల్టరు పూడినచో పంపునకు చాలినంత చమురు అందదు. మేము విన్న ఈల ఆ దప్పిక కేకయే.

ఇక పని విధానము. ట్రాక్టరును కొంతసేపు నడిపి చమురును గోరువెచ్చన చేయవలెను. వెచ్చని చమురు మడ్డిని తనతో తీసికొని దిగును. సమతలమున నిలిపి, ఇంజను ఆపి, తాళముచెవి తీసి, చక్రములకు రాళ్లు పెట్టవలెను. లిఫ్టు చేతులను పూర్తిగా దింపవలెను. అట్లయిన సిలిండరులోని చమురు గుల్లలోనికి వచ్చును. ఎత్తియుంచిన పరికరము క్రిందికి ఎవ్వరును దూరరాదు. విప్పబోవు ప్రతి బిరడాచుట్టును ముందే తుడువవలెను.

పై మూత తీసి, పిదప అడుగు బిరడా విప్పుడు. కొన్ని ట్రాక్టర్లకు వెనుక ఇరుసుల క్రింద గూడ బిరడాలుండును. వానిని మరచినచో పాత చమురు కొంత లోపలనే నిలిచి క్రొత్తదానిని పాడుచేయును. బిరడాకో ఫిల్టరునకో అయస్కాంతమున్నచో దానిని పరీక్షింపుడు. బూడిదరంగు మెత్తని ముద్ద సహజమైన అరుగుదల. లోహపు పెచ్చులు, పలుకులు కనిపించినచో మెకానిక్కును పిలువవలసినదే.

కాగితపు ఫిల్టరును పారవేసి క్రొత్తది వేయవలెను. తీగెజల్లెడ యున్నచో కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి బిగింపవలెను. నూలుపోగులు రాలు గుడ్డతో తుడువరాదు. క్రొత్త ఫిల్టరు రబ్బరు చుట్టునకు కొంచెము చమురు రాచి చేతితోనే బిగింపుడు. బిరడాలకు క్రొత్త వాషర్లు వేయుడు. గుర్తువరకు చమురు పోసి, ఇంజనును నెమ్మదిగా రెండు మూడు నిమిషములు నడిపి, లిఫ్టును పైకి క్రిందికి ఆడించి ఆపుడు. ఫిల్టరు నిండుటచే మట్టము తగ్గియుండును. మరల కొలిచి కొరవను పూరింపుడు. గుర్తు మించి పోసిననో నురుగు, వేడి పుట్టును. చమురు పాలవలె మారి యుండెనేని ఒక్క మార్పు చాలదు. మూలలలో నిలిచిన నీరు క్రొత్త చమురులో కలియును గనుక, కొలది గంటలు నడిపి మరియొకసారి చమురును, ఫిల్టరును మార్చవలెను.

తీసిన చమురును కాలువలో గాని, గట్టున గాని పోయకుడు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములలో వాడిన చమురు గూడ చేరినది. డబ్బాలో పట్టి, అనుమతి పొందిన సేకరణదారునకు చేరునట్లు చూడుడు. మనము కాలువలో పోసినది దిగువనున్న వాని మడిలో తేలును.

చివరకు మన సంఘమునకు సంబంధించిన మాట. మా ట్రాక్టరు పుస్తకము కన్నడమునను, ఆంగ్లమునను ఉండెను. మాకు వచ్చినది తెలుగు చదువు. మా మనుమడు కన్నడ బడిలో చదువుచున్నాడు. పంపు చెడిన పిదప వాడు ఆ పుస్తకమును తెరచి, “తాతయ్యా, తొలి మార్పు 50 గంటలకే చేయవలెనని ఇందులో ఉన్నదే!” అనెను. అప్పటికి మేము నాలుగు వందల గంటలు నడిపి యుంటిమి. పుస్తకము మా యింటనే యున్నది, చదువగల పిల్లవాడును మా యింటనే యున్నాడు. అడుగకపోవుట మా లోపము. నాటినుండి వాడు చదివి చెప్పును, మేము చేయుదుము; మేము చెప్పిన పనివాడుక మాటలను వాడు తెలుగున వ్రాయును. చమురు రకము, ఎన్ని లీటర్లు, ఎన్ని గంటలకు మార్పు, కడపటి మార్పు నాటి గంటల లెక్క, ఈ నాలుగును పనిముట్ల పెట్టె మూతలోపల తెలుగు అక్షరములతో అంటించి యున్నవి. వాడు తెలుగు వ్రాయుట నేర్చినది చాలవరకు ఆ మూతమీదనే.

ప్రతి యింటను ఈ పని జరుగవలెనని మా ప్రార్థన. నేడు ఇంటికి వెళ్లగానే కొలబద్దను ఒక్కమారు తీసి చూడుడు. చమురు పాలవలె కనిపించినచో, మావలె “తరువాత చూతము” అనకుడు.