ఒరిజినల్ డిస్కుకు ఒక నకలు



ముప్పై నాలుగేళ్లు ఆఫీసులో నకళ్లు తీసినవాణ్ణని కాబోలు, ఈ విషయం నాకప్పగించారు. మా ఇంటి పాత కంప్యూటరులో విండోస్ 7 ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ఆగింది. డిస్కు గీతలు పడితే కొత్తది కొట్లో దొరకదు. స్వర్గస్థురాలైన మా ఆవిడ చెబుతుంటే నేను టైపు చేసిన పచ్చళ్ల కొలతలు ఆ పెట్టెలోనే ఉన్నాయి. డిస్కు నకలులోకి అవి రావు సుమా! వాటిని వేరే పెన్‌డ్రైవులో దాచాను.

ఇక డిస్కు సంగతి. అందులోని ఫైళ్లను మాత్రమే ఖాళీ డీవీడీలోకి ఎక్కిస్తే అది ముద్ర, సంతకం లేని నకలు. యంత్రం దానితో మొదలవదు. డిస్కు మొత్తాన్నీ ఐఎస్ఓ అనే ఒకే ఫైలుగా తీయాలి. అందుకు వేరే ప్రోగ్రాం కావాలి. దాన్ని డీవీడీ మీదికి ఇమేజ్‌గా రాసే వసతి విండోస్ 7లోనే ఉంది. 700 ఎంబీ సీడీ చాలదు, 4.7 జీబీ డీవీడీ తీసుకోండి. 25 అక్షరాల కీని కాగితం మీద రాసుకోండి.

ఇది నేరమా అని ఒక మిత్రుడడిగారు. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షను, సక్రమంగా కొన్నవారు నష్టభయానికి నకలు ఉంచుకోవచ్చంటుంది. పక్కింటికి పంచమనలేదు.

నకలు తయారయ్యాక దానితో కంప్యూటరు ఒకసారి మొదలుపెట్టండి. మొదటి తెర రాగానే ఆపేయండి. ఇన్‌స్టాల్ మీట మాత్రం నొక్కకండి.