అతను బాడీ కాదు, మన తమ్ముడు



ప్రతి ఏడూ వార్షిక సభలో ముందు జమాఖర్చుల లెక్క చదువుతాం. ఈసారి దానికన్నా ముందు ఒక తమ్ముణ్ని తలుచుకుందామని కమిటీలో అందరం అనుకున్నాం. జగిత్యాల జిల్లా పిల్లగాడు. 24 ఏళ్లు. దుబాయిలో, సోనాపూర్ క్యాంపులో మాతోపాటే ఉన్నాడు. ఇంటివాళ్ల బాధ ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి పేరు చెప్పటం లేదు. మీలో చాలామందికి తెలుసు.

అతను పోయిన రోజు పొద్దటి నుంచి ఒక మాట మా చెవుల్లో పడుతూనే ఉంది. "బాడీ ఎక్కడుంది? బాడీ ఎప్పుడు పంపుతరు? బాడీ శంషాబాదుకు ఏ ఫ్లైటుల వస్తది?" పోలీసులూ అదే మాట, కంపెనీవాళ్లూ అదే మాట. నాలుగు రోజులు గడిచేసరికి మేమూ అదే అంటున్నాం. ఒక మనిషి రాత్రికి రాత్రి సామాను అయిపోయినట్టు అనిపించింది. అందుకే ముందు అతను ఎవరో చెప్పుకుందాం.

షట్టరింగ్ పనికి హెల్పరుగా వచ్చాడు. ఏడాది తిరిగేసరికి డ్రాయింగు చూసి కొలత చెప్పేవాడు. రూములో చదవటం రాని పెద్దవాళ్లకు బ్యాంకు మెసేజీలు చదివి పెట్టేవాడు. ఆదివారం వంట అతనిదే. పన్నెండు మందికి పచ్చిపులుసు చేసి, "పెద్దన్నా, ఉప్పు చూడు" అని గిన్నె పట్టుకొని తిరిగేవాడు. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. ఆమె చేత ఆ పని మాన్పించాలని అతని పట్టుదల. చిన్న నోటుపుస్తకంలో అప్పు లెక్క రాసుకునేవాడు. వీసా కోసం తెచ్చిన అప్పు తీరటానికి ఆ పుస్తకం ప్రకారం ఇంకా నాలుగు నెలలే ఉంది.

రాత్రి పడుకున్నాడు. తెల్లారి బస్సు టైముకు లేవలేదు. కాగితం మీద సహజ మరణం అని రాశారు. 24 ఏళ్ల పిల్లగానికి ఇది సహజం ఎట్లయితదని వాళ్లమ్మ ఫోనులో అడిగింది. మా దగ్గర జవాబు లేదు. కానీ ఆ ఒక్క మాట మీద ఎన్ని డబ్బులు ఆగిపోతాయో మాకు ఆ తర్వాత అర్థమైంది.

పనిలో ప్రమాదం జరిగి చనిపోతే, ఇక్కడి చట్టం ప్రకారం 24 నెలల మూలవేతనం కుటుంబానికి ఇవ్వాలి. అది 18 వేల దిర్హాములకు తగ్గకూడదు, 2 లక్షలకు మించదు. సహజ మరణం అంటే అది రాదు. మనం ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో వచ్చేటప్పుడు చేయించే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ 10 లక్షల రూపాయలది. అది కూడా ప్రమాద మరణానికే. విజిట్ వీసా మీద వచ్చినవాళ్ల చేతిలో చాలాసార్లు ఆ పాలసీ కూడా ఉండదు.

అలాగని ఏమీ రాదని చేతులు ముడుచుకోవద్దు. మరణం ఏ రకమైనా చేసిన పనికి జీతం రావాలి. వాడుకోని సెలవుల డబ్బు రావాలి. ఏడాది నిండితే గ్రాట్యుటీ రావాలి. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం లెక్క. ఇవన్నీ కంపెనీ 10 రోజుల్లోగా కుటుంబానికి చెల్లించాలని, శవాన్ని ఇంటికి పంపే ఖర్చు కూడా కంపెనీదేనని చట్టంలో ఉంది. కంపెనీ చేయి ఎత్తేస్తే కాన్సులేటును అడగవచ్చు. దిక్కులేని పరిస్థితిలో ఉన్నవాళ్ల కోసమే భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. ఇక 2023 డిసెంబర్ 7 నుంచి గల్ఫులో చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. ఆలస్యం చేయకుండా కలెక్టరాఫీసులో దరఖాస్తు పెట్టాలి.

మన తమ్ముడు పోయినప్పుడు క్యాంపులో అందరం చందాలు వేశాం. యాభై దిర్హాములు ఇచ్చినవాళ్లున్నారు, ఐదు ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ చేతులకు దండం. కానీ చందా మన ప్రేమ. జీతం, గ్రాట్యుటీ అతని చెమట. ప్రేమ చూపించాం కదా అని చెమట లెక్క వదిలేయకూడదు. అతని లెక్క కోసం మా కమిటీవాళ్లు సెలవు రోజు కంపెనీ గేటు దగ్గర ఎన్నిసార్లు నిలబడ్డారో మీరు చూశారు. చివరికి ఆ డబ్బు వాళ్లమ్మ ఖాతాలో పడింది. ఆ అప్పు తీరింది.

ఇప్పుడు మీరు చేయాల్సినవి మూడు పనులు. మొదటిది, మీరు లేకపోతే మీ డబ్బు ఎవరికి చెందాలో కాగితం మీద రాసి సంతకం పెట్టి కంపెనీకి ఇవ్వండి. ఒక కాపీ ఇంటికి పంపండి. రెండోది, 2024లో దుబాయి కాన్సులేటు చొరవతో కార్మికులకు ఒక బీమా మొదలైంది. మొదలైనప్పుడు ఏడాదికి 37 నుంచి 72 దిర్హాముల ప్రీమియం ఉండేది. సహజ మరణానికి కూడా 35 వేల నుంచి 75 వేల దిర్హాముల దాకా వస్తుంది. మీ కంపెనీ అది చేయించిందో లేదో అడగండి. మూడోది, ఛాతీలో నొప్పి వచ్చినా, చెమటలు పట్టి కళ్లు తిరిగినా గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దు. పక్కవాణ్ని లేపండి. 998కి ఫోన్ చేసి అంబులెన్సు పిలిపించండి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. ఆ రెండున్నర గంటలు నీడలో ఉండటం మీ హక్కు.

ఏ సందేహం ఉన్నా ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 800 46342. రూము తలుపు వెనకాల రాసి పెట్టుకోండి.

ఊరి నుంచి కొత్తగా వచ్చే పిల్లలు ఇంకా మీసాలు రానివాళ్లు. వాళ్లను మొదటి ఆదివారమే కూర్చోబెట్టి ఈ మూడు మాటలు చెప్పండి. చెప్పేటప్పుడు, "మాకొక తమ్ముడు ఉండేవాడు, పచ్చిపులుసు బాగా చేసేవాడు" అని మొదలుపెట్టండి. వాడు మన మధ్య అట్లా ఉంటాడు.

సెలవు.