పదిమంది పనిలో ఎవరి పాలెంత?



ఈవేళ మీతో చెప్పదలచుకున్న సంగతి మా యింట్లో ఒక రాత్రి జరిగిన తగువుతో మొదలైంది. తగువు మా అబ్బాయికీ, ఎక్కడెక్కడో వున్న వాడి ఆట స్నేహితులకీ. భోజనానికి లేవరా అంటే లేవడు. సెల్‌ఫోను పట్టుకుని, "నేనిచ్చిందెంత, నువ్వు పుచ్చుకున్నదెంత? లెక్క చూసుకో!" అని కేకలు. అన్నం చల్లారిపోతుంటే ఈ లెక్కలేమిటా అని విసుక్కున్నాను. మర్నాడు నింపాదిగా కూర్చోబెట్టి అడిగితే, అది అచ్చంగా మన పొదుపు సంఘాల లెక్కే సుమండీ!

వాడు ఆడే ఆట పేరు క్లాష్ ఆఫ్ క్లాన్స్. ఫిన్లాండు దేశపు కంపెనీ ఒకటి 2012లో తెచ్చింది. ఆడేవాళ్లు దళాలుగా చేరతారు. ఒక్కో దళంలో 50 మంది దాకా వుండవచ్చు. ఒకరు సాయమడిగితే మిగతావాళ్లు కొంత సైన్యం పంపవచ్చు. ఎవరెంత పంపారో, ఎంత పుచ్చుకున్నారో అందరికీ కనబడుతుంది. పుచ్చుకోవడమే గాని ఇవ్వడం లేదనిపిస్తే పెద్ద ఆ మనిషిని బయటికి పంపేయవచ్చు.

ఈ పేచీ కొత్తది కాదట. 1999లో ఎవర్‌క్వెస్ట్ అనే ఆటలో పెద్ద పెద్ద జట్లు కలిసి రాక్షసుల్లాంటి డ్రాగన్లను చంపేవి. చంపాక దొరికిన సొత్తు ఎవరికి చెందాలి? దాని కోసం ఒక జట్టువాళ్లు మార్కుల పద్ధతి కనిపెట్టారు. వచ్చి పాల్గొన్నప్పుడల్లా మార్కులు పడతాయి. కావలసిన వస్తువు వచ్చినప్పుడు ఆ మార్కులు ఖర్చుపెట్టి తీసుకోవాలి. బాగానే వుంది గదా! కాని పాతవాళ్లు మార్కులు పోగేసుకుని కూర్చుంటే కొత్తవాళ్లకు ఎన్నాళ్లకూ వంతు రాదు. అందుచేత కొన్ని జట్లు, వాడుకోని మార్కులు కాలం గడిచేకొద్దీ కొంత తరిగిపోయేలా నియమం పెట్టుకున్నాయి. ఎంత న్యాయమైన కొలతైనా, అప్పుడప్పుడూ సరిచూసుకోకపోతే అన్యాయమవుతుందని ఆటలవాళ్లకే తెలిసింది.

"మరి నువ్వు తిట్టిన ఆ అబ్బాయి ఎందుకివ్వడం లేదురా?" అని అడిగాను. "కొత్తగా చేరాడమ్మా. వాడి దగ్గరింకా బలమైన సైన్యం లేదు" అన్నాడు. "లేనివాడికీ, వుండి ఇవ్వనివాడికీ ఒకే శిక్షా?" అన్నాను. అనేశాను గాని, నా మాట నాకే గుచ్చుకుంది. ఎందుకో చెబుతాను వినండి.

మాది పేరాల. మగ్గాల వూరు. ఇక్కడ చాలా యిళ్లల్లో గుంట మగ్గం వుంటుంది. వానాకాలంలో గట్టి ముసురు పట్టిందంటే గుంటలో నీరూరుతుంది. నీరూరితే నేత ఆగుతుంది. నేత ఆగితే కూలి ఆగుతుంది. మా పొదుపు సంఘంలో ఒకావిడ అలాంటి ముసురు రోజుల్లో రెండు వారాలు పొదుపు కట్టలేదు, సమావేశానికి రాలేదు. ఆలస్యమైతే జరిమానా అని మేమే రాసుకున్నాం. "రూలు రూలే, ఎవరికైనా ఒకటే" అని పట్టుబట్టి జరిమానా వేయించింది నేనే. ఆవిడ మాటాడకుండా కట్టేసింది. మరుసటి వారం నుంచి రావడం మానేసింది.

అప్పుడు తెలిసింది ఆవిడ లేని లోటు. బ్యాంకుకు వెళ్లి వరసలో నిలబడేది ఆవిడే. పుస్తకం రాయించుకొచ్చేది ఆవిడే. రాలేనివాళ్ల యింటికి కబురు తీసుకెళ్లేది ఆవిడే. ఇవేవీ మా లెక్కల పుస్తకంలో లేవు. రూపాయలకే గడి వుంది గాని, కాళ్లరిగినదానికి గడి లేదు. నేనూ, మరో ఇద్దరమూ వాళ్లింటికి వెళ్లాం. "వదినా, తప్పు మాది" అన్నాను. వచ్చింది. కాని ఆ జరిమానా డబ్బు తిరిగిస్తే మటుకు పుచ్చుకోలేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

రూళ్లు వద్దని నేననను. బ్యాంకులతో పొదుపు సంఘాలను కలపడం 1992లో నాబార్డు చేపట్టింది. సంఘాలకు చెబుతూ వచ్చిన అయిదు సూత్రాలు మీకు తెలిసినవే: క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, లోపల్లోపల అప్పులివ్వడం, వేళకు తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. ఇవి లేకపోతే సంఘం నిలవదు. అందరూ అందలమెక్కితే మోసేవారెవరు? అయితే మోసేవాళ్లు ఎవరో కూడా తెలియాలి గదా!

మా వూరికి ఈ పాఠం కొత్త కాదు. చీరాల పేరాలలను పురపాలక సంఘంగా మార్చినప్పుడు, ఏడాదికి సుమారు 4,000 రూపాయలుండే పన్ను 40,000 దాకా పెరిగిందని చరిత్రకారులు రాశారు. మోయలేని భారమని జనం మొర పెట్టుకున్నా వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో జనం యిళ్లు వదిలి, పొలిమేర అవతల రామనగరం అని పాకలు వేసుకుని, సుమారు పదకొండు నెలలు కాపురం చేశారు. ఆయన రామదండు వాలంటీర్లు సేవ చేశారు. పన్ను కట్టనందుకు జైలుకు వెళ్లినవారిలో ఒక స్త్రీ కూడా వున్నారు. చివరికి జనం తిరిగి రాక తప్పలేదు, పన్నూ తప్పలేదు. కాని వాళ్లు అడిగిన ప్రశ్న మిగిలింది: వంతు నిర్ణయించేటప్పుడు మోసేవాణ్ణి అడగనక్కరలేదా?

అందుకే మా సంఘంలో ఇప్పుడు నాలుగు మాటలు రాసుకున్నాం. ఒకటి, ఏ రూలైనా అందరూ కూర్చున్నప్పుడే పెట్టాలి. రెండు, జరిమానా వేసేముందు ఒకరు యింటికి వెళ్లి కారణం కనుక్కోవాలి. మూడు, బ్యాంకు పని, పుస్తకం పని వంతుల వారీగా చేయాలి. చేసినవారి పేరు పుస్తకంలో ఎక్కాలి. నాలుగు, ఏడాదికోసారి రూళ్లన్నీ మళ్లీ చదివి, సరిపోనిది మార్చాలి. అలాగని కావాలని ఎగవేసేవాళ్లను వూరుకోం. వాళ్లకు జరిమానా వుంది. కాని ముందు ఆ తేడా తెలుసుకోవాలి గదా!

చివరగా మన యిళ్ల మాట. చీర నేసినవారి చేతికి కూలి వస్తుంది. ఆ చీరకు కండెలు చుట్టిందెవరు? పడుగు సర్దడంలో చేయి వేసిందెవరు? ఇల్లాలూ, ముసలి అత్తగారూ, ఒక్కోసారి బడి నుంచి వచ్చిన ఆడపిల్లా. వాళ్ల కూలి విడిగా ఎవరూ లెక్కకట్టరు. లెక్కలో లేనిది పని కాదనుకోవడం మనకు అలవాటైపోయింది. కనీసం మన సంఘాల్లోనైనా, మన వంటింట్లోనైనా, ఆ గడి ఒకటి గీసుకోవద్దూ?

మా అబ్బాయి ఆ కొత్త కుర్రాణ్ణి వెళ్లగొట్టించలేదు. బలం పెరిగేదాకా గడువిచ్చారట. నిన్న రాత్రి వాడే పిలవకుండా భోజనానికి లేచాడు. లేచి, తన కంచం తనే కడిగాడు. అదీ లెక్కలో వేశాను!

మీ సంఘంలో ఎవరి పని లెక్కకెక్కకుండా వుందో ఈ వారం ఒక్కసారి చూడండి. సెలవు.