నవాబు దూరదర్శిని నుంచి ఎక్స్ కిరణాల దాకా
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సికింద్రాబాద్ పక్కనే ఉన్న బేగంపేటలో నిజామియా వేధశాల పనిచేసింది. అది ఒక దాత చలవ. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో 15 అంగుళాల దూరదర్శిని కొని, ఫిసల్‌బండలో దానికి పునాది వేశారు. ఆయన తర్వాత 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని చేపట్టింది. అనేక దేశాలు కలిసి తయారుచేసిన నక్షత్ర పట్టికకు ఈ వేధశాల 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి ఇచ్చింది.

అవన్నీ మామూలు వెలుగుతో చేసిన కొలతలు. ఆ వెలుగులో కనిపించని సంగతి ఒకటి చెబుతాను.

కొన్ని గెలాక్సీల నడిమధ్య కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉంటుంది. దానిలోకి జారే వాయువు వేడెక్కి భగ్గున వెలుగుతుంది. వీటినే క్రియాశీల గెలాక్సీలంటారు. జారే వాయువంతా లోపలికి పోదు. కొంత గాలివానలా బయటికి తన్నుకొస్తుంది. నాలాలోకి ఒక్కసారిగా వచ్చిన వరద, నిలిచిన నీటిని గుద్దితే ముందు గోడలా లేస్తుంది కదా! అలాగే ఆ వాయువు చుట్టుపక్కల వాయువును ఢీకొంటుంది. దాన్ని అఘాత తరంగమంటారు. సెకనుకు 1,000 కిలోమీటర్ల వేగంతో ఢీకొంటే వేడి కోటి డిగ్రీలు దాటుతుంది. అంత వేడి వాయువు ఎక్స్ కిరణాలు చిమ్ముతుంది.

అయితే కనిపించిన ప్రతి ఎక్స్ కిరణం ఢీకొనడం వల్లే వచ్చిందనుకోకూడదు. కృష్ణబిలం దగ్గరి తీవ్రమైన వెలుగు సోకినా దూరపు వాయువు మెరుస్తుంది. రెండింటినీ విడదీయడానికి కిరణాలను వర్ణపటంగా పరచి, అందులోని గీతలను చదవాలి. ఎందుకంత శ్రమ అంటారా? కొత్త నక్షత్రాలకు ముడిసరుకు వాయువే. గాలి దాన్ని ఊడ్చేస్తే ఆ గెలాక్సీలో నక్షత్రాల పుట్టుక మందగిస్తుంది.

ఎక్స్ కిరణాలను మన వాతావరణం అడ్డుకుంటుంది. అందుకే పరికరాలు ఆకాశానికి వెళ్లాలి. 1999లో అమెరికా చంద్ర వేధశాలను పంపింది. దాని పేరు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌ది. 2015 సెప్టెంబరు 28న మన ఆస్ట్రోశాట్ శ్రీహరికోట నుంచి ఎగిరింది.

దాతలకు చివరి మాట. నవాబుగారి రోజుల్లో దూరదర్శిని కొనాల్సి వచ్చింది. నేడు ఈ ఉపగ్రహాల సమాచారం అందరికీ ఉచితంగా దొరుకుతుంది. మన పిల్లలకు కావలసింది ఒక కంప్యూటరు, ఇంటర్నెట్, లెక్కలూ భౌతికశాస్త్రమూ ఓపికగా చెప్పే ఒక మాస్టారు. అవి సమకూర్చితే, ఈ గీతలు చదివే పిల్ల మన బస్తీలోంచే రావచ్చు.