పొరుగువాని గూర్చి నిజము పలుకుదము

(రేడియో ప్రసంగ పాఠము)
ధ్యాన భాగములు: నిర్గమకాండము 20:16, 1 పేతురు 3:15, 16

 

ఈ వారము ఒక ఉత్తరమును గూర్చి మాట్లాడాలని ఆశపడుతున్నాను. పామర్రు దగ్గర ఒక పల్లెనుండి ఒక తల్లి వ్రాసింది. పేరు చెప్పను. ఆమె కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్నాడు. క్రిస్మస్‌కు ఇంటికి వచ్చాడు. తల్లి టీ పెట్టి ఇస్తే ముట్టలేదు. "కాఫీ కలపనా?" అంటే, "అదీ మానేశానమ్మా" అన్నాడు. రాత్రి భోజనాలయ్యాక సంచిలోనుండి ఒక పుస్తకము తీసి, తాను మోర్మనుల సంఘములో బాప్తిస్మము పొందానని చెప్పాడు.

తెల్లవారేసరికి పేటంతా తెలిసింది. "వాళ్ళకు యేసు లేడంట." "ఒక్కొక్కడికి నలుగురేసి పెళ్ళాలంట." "అమెరికా డబ్బులిచ్చి కలుపుకుంటారంట." ఆ పిల్లవాడు కూర్చుంటే కుటుంబ ప్రార్థనకు మేము రామని కొందరు పెద్దలు అన్నారు. ఆ తల్లి అడుగుతున్నది: "అయ్యగారూ, నా బిడ్డ క్రైస్తవుడా కాదా? వాడిని ఇంట్లో కూర్చోబెట్టుకోనా వద్దా?"

అమ్మా, నీకు జవాబు చెప్పకముందు నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. చాలా సంవత్సరముల క్రితము ఒక కూటములో అబద్ధ బోధలను గూర్చి ప్రసంగిస్తూ, మోర్మనులు నేటికీ అనేకమంది భార్యలను చేసుకుంటారని గట్టిగా చెప్పాను. జనులు నవ్వారు, నాకు సంతోషమైంది. కూటము ముగిశాక ఒక యౌవనస్థుడు వచ్చి, "అయ్యగారూ, నేను ఆ సంఘస్థుడనే. నాకు ఒక్క భార్య. ఇద్దరిని చేసుకుంటే మా సంఘము నన్ను వెలివేస్తుంది. మీరు మమ్మల్ని ఎవరినైనా అడిగారా?" అన్నాడు. నేను అడగలేదు. ఎవరో చెప్పినది విని చెప్పాను. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలుకవద్దన్న ఆజ్ఞను ప్రసంగపీఠము మీద నిలబడే మీరాను. గనుక నేడు నాకు రూఢిగా తెలిసినదే చెబుతాను.

మొదటి ప్రశ్న: వీరెవరు? అమెరికాలో 1805లో పుట్టిన జోసెఫ్ స్మిత్ అనే ఆయన, తనకు దేవుడు ప్రత్యక్షమయ్యాడనీ, ఒక దూత చూపిన బంగారు రేకులనుండి ఒక గ్రంథమును అనువదించాననీ చెప్పాడు. అదే 1830లో అచ్చయిన మోర్మన్ గ్రంథము. ఆ పేరునుబట్టే లోకము వారిని మోర్మనులన్నది. వారి అసలు పేరు యేసుక్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. ఆ పూర్తి పేరుతోనే పిలవమని 2018లో వారి అధ్యక్షుడు కోరాడు. జోసెఫ్ స్మిత్‌ను 1844లో ఇల్లినాయ్ రాష్ట్రములో చెరసాలలో ఉండగా అల్లరిమూక కాల్చి చంపింది. తరువాత బ్రిగం యంగ్ అనే నాయకుడు జనులను నడిపించి 1847లో సాల్ట్ లేక్ లోయకు చేర్చాడు. నేడు లోకమంతటా వారు కోటీ డెబ్బై లక్షలమందికి పైగా ఉన్నారు.

రెండవది, భార్యల సంగతి. ఇది పూర్తిగా కట్టుకథ కాదు. 1852లో వారు బహుభార్యాత్వమును బహిరంగముగా ప్రకటించారు. జోసెఫ్ స్మిత్ కాలములోనే అది మొదలైంది. 1890లో వారి అధ్యక్షుడు దానిని మానుకోవాలని ప్రకటన చేశాడు. నేడు దానిని ఆచరించువారికి ఆ సంఘములో స్థానము లేదు. వారినుండి విడిపోయిన కొన్ని చిన్న గుంపులు మాత్రము ఇంకా ఆచరిస్తున్నాయి. చరిత్రను దాచనక్కరలేదు, చరిత్రను నేటి వారి నెత్తిన పెట్టనూ అక్కరలేదు.

మూడవది, డబ్బు. తెల్లచొక్కా, మెడకు టై, గుండెమీద పేరుబిళ్ళతో జంటగా తిరిగే ఆ యౌవనస్థులకు జీతము లేదు. రెండేండ్లపాటు వారూ వారి కుటుంబములూ ఖర్చు పెట్టుకొని వస్తారు. బిళ్ళమీద "ఎల్డర్" అని చూసి, మీసము మొలవనివాడు పెద్ద ఏమిటని మనవారు నవ్వుతారు. వారిలో అది ఒక యాజకత్వ హోదా. బిషప్పు అనగానే మనకు ఒక డయాసిస్‌కంతటికీ అధ్యక్షుడు గుర్తుకొస్తాడు. వారికైతే స్థానిక సంఘమును నడిపేవాడే బిషప్పు. తన ఉద్యోగము తాను చేసుకుంటూ జీతము లేకుండా సేవ చేస్తాడు. సభ్యులు దశమభాగము ఇస్తారు. నెలకొక ఆదివారము ఉపవాసముండి, ఆ భోజనపు ఖర్చును బీదలకిస్తారు. టీ, కాఫీ, మద్యము, పొగాకు ముట్టరు. అమ్మా, నీ బిడ్డ టీ త్రోసివేసినది నిన్ను కాదు, తాను నమ్మిన నియమమును పాటించాడు.

పాలపొడి కోసము, గోధుమనూక కోసము మతములో కలిశారని మన తాతలనూ అన్నారు కదా! మనకు గుచ్చుకున్న ముల్లును ఇంకొకరికి గుచ్చుదమా?

నాలుగవది, అసలు ప్రశ్న: వారు యేసును నమ్ముతారా? నమ్ముతామనే చెబుతారు. ఆయన దేవుని కుమారుడనీ, మన పాపములకొరకు శ్రమపడి మరణించి లేచాడనీ ఒప్పుకుంటారు. ఆయన నామములో ప్రార్థిస్తారు. కాబట్టి "వాళ్ళకు యేసు లేడు" అనే మాట నిజము కాదు.

అయితే ప్రియులారా, భేదము చిన్నదీ కాదు. తండ్రికి కూడా మాంసము, ఎముకలు గల దేహమున్నదనీ, తండ్రి కుమార పరిశుద్ధాత్మలు ముగ్గురు వేర్వేరు వ్యక్తులై ఉద్దేశములో ఏకముగా ఉన్నారనీ వారు బోధిస్తారు. మనము ఒప్పుకొనే నైసియా విశ్వాసప్రమాణమును వారు అంగీకరించరు. దేవుడు ఒకప్పుడు మనవంటి స్థితిలో ఉన్నాడని జోసెఫ్ స్మిత్ 1844లో ప్రసంగించాడు. బైబిలుతోపాటు మరి మూడు గ్రంథములను లేఖనములుగా ఎంచుతారు. అపొస్తలుల తరువాత నిజ సంఘము లోకములో లేకుండాపోయిందనీ, 1830లో తిరిగి స్థాపింపబడిందనీ చెబుతారు. చనిపోయినవారి పక్షముగా బ్రతికున్నవారు తమ దేవాలయములలో బాప్తిస్మము పొందుతారు. ఈ కారణములచేతనే వారి బాప్తిస్మము చెల్లదని రోమను కథోలిక సంఘము 2001లో తీర్మానించింది. అనేక ప్రొటెస్టెంటు సంఘములదీ అదే అభిప్రాయము. నేనును ఆ విషయములో వారితో ఏకీభవించలేను. ప్రేమ పేరట ఈ భేదమును దాచితే అదీ అబద్ధ సాక్ష్యమే.

ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకోవద్దు. 1850లలోనే వారి మిషనరీలు కలకత్తాకూ మద్రాసుకూ వచ్చి, కొద్దికాలములోనే తిరిగి వెళ్ళారు. మన తెలుగువారిలో ఈ పని ఒక కుటుంబముతో మొదలైంది. సమోవా దీవులలో ఉండగా ఆ సంఘములో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ బంధువులకే చెప్పుకున్నారు. ఎల్సీగారి తండ్రి బాప్టిస్టు బోధకుడు. మోర్మన్ గ్రంథమును తెలుగులోనికి తెచ్చే పనిలో ఆయన చెయ్యి ఉన్నది. ఎంపిక చేసిన భాగములు 1982లో తెలుగులో అచ్చయ్యాయి. రాజమండ్రి, విశాఖపట్నములలో వారి సంఘములున్నాయి. భారతదేశములో వారి మొదటి స్టేకు, అనగా కొన్ని సంఘముల కూడిక, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. చూశారా, వారు పరాయివారు కారు. మన చుట్టాలు, మన బల్లమీద భోజనము చేసినవారు.

ఇక అమ్మా, నీ ప్రశ్న. పామర్రునుండి బస్సెక్కితే గంటలో మచిలీపట్నము చేరతాము. అక్కడ రాబర్ట్ నోబుల్ దొరగారు 1843లో బడి పెట్టారు. 1852లో ఆ బడి పిల్లలు ఇద్దరు బాప్తిస్మము పొందితే పట్టణము అట్టుడికింది, బడి ఖాళీ అయింది. ఆ ఇండ్లలో తల్లులు ఎంత ఏడ్చి ఉంటారో! ఆ దినములలో మన సంఘము పిల్లల పక్షాన నిలబడింది, తల్లుల ఏడుపు మనకు వినబడలేదు. నేడు ఆ ఏడుపు మన ఇంట్లోనే వినబడుతున్నది. ఆ కుటుంబములు తలుపు మూయకుండా ఉంటే బాగుండునని మనము చెప్పుకున్నాము కదా. మరి మనము మూయవచ్చునా?

గనుక నీ బిడ్డను కూర్చోబెట్టుకో. టీకి బదులు మజ్జిగ ఇవ్వు. కుటుంబ ప్రార్థనలో కీర్తన పాడనివ్వు. అయితే వాడు నమ్మినదానికీ మనము నమ్మినదానికీ మధ్య ఉన్న భేదమును దాచవద్దు. బైబిలు తెరచి, "ఇది ఎక్కడున్నది నాన్నా, చూపించు" అని అడుగు. బెరయ సంఘస్థులు పౌలు మాటలనే లేఖనములతో సరిచూచుకున్నారు. నీవు కుమారుని మాటలు సరిచూచుకోవడము తప్పు కాదు. పేతురు భక్తుడు మనలను జవాబు చెప్పమన్నాడు. ఆ జవాబు సాత్వికముతో చెప్పమన్నాడు. మొదటి సగము చదివి రెండవ సగము విడిచిపెట్టిన ప్రసంగీకుని సంగతి మీకు ఇప్పుడే చెప్పాను.

సంఘ పెద్దలారా, ఒక మాట. ఆ ఇంటికి వెళ్ళకుండా ఉండేది మీరైతే, ఆదివారము మధ్యాహ్నము ఆ ఇంటికి వచ్చి కూర్చునేది వేరొకరు. నీ బిడ్డ క్రైస్తవుడా కాదా అన్న తుది తీర్పు ప్రభువుది. వారి బోధ అపొస్తలుల బోధకు సరిపడదని చెప్పే బాధ్యత మనది. వారిని గూర్చి నిజము పలికే బాధ్యతయూ మనదే.

తలలు వంచుదము. ప్రేమగల తండ్రీ, మేము విచారింపక పలికిన మాటలను క్షమించుము. మా ఇండ్లలో విశ్వాసమునుబట్టి వేరైన బిడ్డలను నీ చేతికి అప్పగించుచున్నాము. మాకు సత్యమును విడువని నోరును, తలుపు మూయని హృదయమును దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.