రేడియో ఫెయిల్ చేసిన కుర్రాడు, అదే రేడియోలో ఎదిగిన డేవిడ్ బోవీ

ఈ ఎపిసోడ్ ఒక ఫెయిల్ రిపోర్టుతో మొదలుపెడదాం.

1965 నవంబర్, లండన్. పద్దెనిమిదేళ్ల కుర్రాడు తన బ్యాండ్‌తో బీబీసీ రేడియో ఆడిషన్‌కి వెళ్లాడు. బ్యాండ్ పేరు లోయర్ థర్డ్. మన ఆకాశవాణిలో పాడాలంటే ఆడిషన్ పాసవ్వాలి కదా, అక్కడ కూడా అంతే. ప్యానెల్ వాళ్లు విని రిపోర్టు రాశారు. గొంతు అమెచ్యూర్‌గా ఉంది, శృతి తప్పుతోంది, ఈ గాయకుడికి వ్యక్తిత్వమే లేదు, ఇంకా ప్రాక్టీస్ చేసినా వీళ్లు బాగుపడరు... ఇలా సాగింది. రిజల్ట్, ఫెయిల్.

ఆ కుర్రాడే డేవిడ్ బోవీ. బ్రిటిష్ రాక్ మ్యూజిక్‌లో అందరికంటే విచిత్రమైన, బలమైన వ్యక్తిత్వం ఎవరిది అంటే ఇవాళ చాలామంది చెప్పే పేరు.

ఇక్కడ ఆపేసి "చూశారా, ప్యానెల్‌కి ఏం తెలుసు" అని నవ్వుకోవచ్చు. సోషల్ మీడియాలో ఈ కథని అలాగే వాడతారు. నాకు మాత్రం ఆ వెర్షన్ నచ్చదు. ఎందుకంటే ప్యానెల్ ఆ రోజు విన్నది 1972 నాటి బోవీని కాదు. వాళ్ల ముందు పాడిన పాటల్లో 'మేరీ పాపిన్స్' అనే పిల్లల సినిమా పాట కూడా ఒకటి. తను ఎవరో ఇంకా తేల్చుకోని కుర్రాడు అతను. ఆ రోజు వరకూ రిపోర్టు నిజమే అయ్యుండొచ్చు. తేడా కొట్టింది ఒక్క చోటే, "ఇక బాగుపడరు" అన్న దగ్గర. వాళ్లు విన్నది ఒక్క రోజుని, తీర్పు ఇచ్చింది భవిష్యత్తుకి.

మరి ఈ మధ్యలో ఏం జరిగింది? అదృష్టం ఏంటంటే, అది మనం వినొచ్చు. ఎందుకంటే అదే బీబీసీ తర్వాత అతన్ని మళ్లీ మళ్లీ పిలిచి రికార్డ్ చేసింది.

దీని వెనకాల ఒక రూల్ ఉంది. అప్పట్లో బ్రిటన్‌లో రేడియోలో గ్రామఫోన్ రికార్డులు ఇష్టమొచ్చినంత సేపు వేయడానికి లేదు. మ్యూజిషియన్స్ యూనియన్, రికార్డు కంపెనీల తరఫు సంస్థ పెట్టిన పరిమితి అది. దాన్ని 'నీడిల్ టైమ్' అనేవాళ్లు. రికార్డులే వేసుకుంటూ పోతే వాయించేవాళ్లకి పని ఎక్కడుంటుంది అనేది యూనియన్ వాదన. 1967 సెప్టెంబర్ 30న కుర్రకారు కోసం బీబీసీ రేడియో 1 మొదలైంది. టైమ్ నింపాలి, రికార్డులు సరిపోవు. అందుకని బ్యాండ్లని స్టూడియోకి పిలిచి వాళ్ల కోసమే పాటలు రికార్డ్ చేసేవాళ్లు. అవే రేడియో సెషన్స్. కొన్ని గంటల టైమ్, మూడు నాలుగు పాటలు. నెలల తరబడి చెక్కుకుంటూ కూర్చునే ఛాన్స్ లేదు. వచ్చామా, వాయించామా, వెళ్లామా. అంతే!

1967 డిసెంబర్‌లో బోవీకి తొలి సెషన్ దొరికింది. ప్రోగ్రామ్ పేరు 'టాప్ గేర్'. కార్ల షో కాదండోయ్, జాన్ పీల్ అనే డీజే నడిపిన మ్యూజిక్ షో. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన బోవీ మొదటి ఆల్బమ్ అమ్ముడుపోలేదు. ఇక 1968 అంతా చూస్తే అతని కొత్త రికార్డు ఒక్కటి కూడా రిలీజ్ కాలేదు. కానీ అదే ఏడాది మేలో పీల్ షోకి మళ్లీ పిలుపొచ్చింది. రికార్డు కంపెనీ వద్దన్న 'ఇన్ ద హీట్ ఆఫ్ ద మార్నింగ్' అనే పాట అక్కడ రికార్డ్ అయింది. షాపులో లేని మనిషి రేడియోలో ఉన్నాడు!

నేను కొన్నేళ్లు కోడ్ రాసి బతికినవాణ్ణి. ఈ సెషన్స్‌ని వరసగా వింటుంటే నాకు గిట్‌లో కమిట్ హిస్టరీ చూసినట్టే ఉంటుంది. ఆల్బమ్ అంటే ఫైనల్ రిలీజ్. సెషన్ అంటే ఆ తారీఖుకి మనిషి ఎక్కడున్నాడో చెప్పే స్నాప్‌షాట్.

1970 ఫిబ్రవరి 5 నాటిది చూడండి. లండన్‌లో ప్యారిస్ సినిమా అనే పాత హాల్లో, ఆడియన్స్ ముందు ప్రోగ్రామ్. గిటార్ మీద మిక్ రాన్సన్. హల్ అనే ఊళ్లో మునిసిపల్ తోటమాలిగా పనిచేసిన కుర్రాడు. బోవీతో పరిచయమై రెండు మూడు రోజులే అయింది. ఆ రోజు వాయించిన వాటిలో 'ద విడ్త్ ఆఫ్ ఎ సర్కిల్' పాట ఉంది. దాని స్టూడియో వెర్షన్ తర్వాత వచ్చిన ఆల్బమ్‌లో ఎంత బరువుగా మారిందో పక్కపక్కన పెట్టి వినండి. ఇద్దరు మనుషులు ఒకరినొకరు వెతుక్కుంటున్న శబ్దం అది.

తర్వాత 1971 జూన్ 3. మళ్లీ జాన్ పీల్ ప్రోగ్రామే. అంతకు నాలుగు రోజుల ముందు, మే 30న బోవీకి కొడుకు పుట్టాడు. ఆ పసివాడి కోసం రాసిన 'కూక్స్' అనే పాట అప్పుడే స్టేజి మీదకి వచ్చేసింది. అది ఉన్న ఆల్బమ్ 'హంకీ డోరీ' బయటికొచ్చింది డిసెంబర్‌లో. అంటే ఇంకా తడి ఆరని పాటని మనం వింటున్నాం.

ఇక 1972 మే. మళ్లీ పీల్ షో కోసం సెషన్. ఇప్పుడు 'జిగ్గీ స్టార్‌డస్ట్', 'సఫ్రజెట్ సిటీ'. తడబాటు లేదు, వెతుకులాట లేదు. బ్యాండ్ మొత్తం ఒకే దెబ్బలో దిగుతుంది. జూన్‌లో ఆల్బమ్ వచ్చింది. జూలైలో 'టాప్ ఆఫ్ ద పాప్స్' అనే టీవీ ప్రోగ్రామ్‌లో 'స్టార్‌మ్యాన్' పాడాడు, దేశమంతా తలతిప్పి చూసింది. టీవీ చూసినవాళ్లకి అతను రాత్రికి రాత్రి ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. రేడియో విన్నవాళ్లకి తెలుసు, మెట్టు మెట్టుగా ఎక్కి వచ్చాడని.

ఇదంతా మీకెందుకు చెప్తున్నానంటే, మీ దగ్గర్నుంచి నాకు ఒకేలాంటి మెసేజ్‌లు వస్తుంటాయి. "అన్నా, మూడో ఇంటర్వ్యూ కూడా పోయింది, నా వల్ల కాదేమో." "అన్నా, ఆరు నెలలుగా వీడియోలు పెడుతున్నా, రెండొందల వ్యూస్ దాటట్లేదు." వీటికి "పట్టుదల ఉంటే చాలు" అని నేను చెప్పను. అది సగం నిజమే. బోవీకి పట్టుదల ఉంది, సరే. దాంతోపాటు మళ్లీ తట్టడానికి ఒక తలుపు కూడా ఉంది. ఆ తలుపు ఎవరి దయ వల్లో తెరుచుకోలేదు. వాయించేవాళ్లకి పని ఉండాలని ఒక యూనియన్ కొట్లాడి తెచ్చుకున్న రూల్ వల్ల తెరుచుకుంది. హిట్ లేని కుర్రాడికి కూడా స్టూడియో, ఇంజనీరు, వినేవాళ్లు దొరికారు.

అందుకే నేను రెండు మాటలు అంటాను. ఒకటి, మీకు అలాంటి చోటు ఏదో వెతుక్కోండి. చిన్నదైనా ఫర్వాలేదు, గడువు ఉండాలి, వినేవాళ్లు ఉండాలి, మళ్లీ రమ్మనాలి. కాలేజీ ఫెస్ట్ కావచ్చు, ఓపెన్ మైక్ కావచ్చు, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కావచ్చు. రెండు, రేపు మీరే ప్యానెల్‌లో కూర్చుంటారు. అప్పుడు "ఈ రోజు బాలేదు" అని నిక్కచ్చిగా రాయండి. "ఎప్పటికీ కాదు" అని మాత్రం రాయకండి.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో బీబీసీ చాలా టేపుల్ని చెరిపేసింది. మిగిలిన వాటిలోంచి ఏరి 2000లో 'బోవీ ఎట్ ద బీబ్' అని ఆల్బమ్ వేశారు. 1968 మే నుంచి 1972 మే వరకు, రెండు సీడీలు. మొదట్లో మూడో సీడీ కూడా ఇచ్చారు. 2000 జూన్ 27న బీబీసీ రేడియో థియేటర్‌లో బోవీ చేసిన కచేరీ అది. అప్పటికి అతనికి 53 ఏళ్లు. వ్యక్తిత్వం లేదని రాసిన సంస్థ హాల్లోనే, టికెట్ కోసం జనం తహతహలాడే స్థాయిలో నిలబడ్డాడు.

మీ పాత వీడియోలు, పాత కోడ్, పాత పాటలు సిగ్గేసి డిలీట్ చేయాలనిపిస్తుంది కదా? చేయకండి. ప్రైవేట్‌లో పెట్టుకోండి. కొన్నేళ్ల తర్వాత మీ మెట్లు మీకే కనపడాలి.

ఇవాళ్టికి 1968 మే సెషన్ ఒకటి, 1972 మే సెషన్ ఒకటి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వెంటవెంటనే వినండి. ఏం మారిందని మీకు అనిపించిందో కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.