పట్టా ఒక్కటే చాలదు



మన ఇళ్లలో ఒక బిడ్డ కెనడా వెళుతున్నాడంటే ఆ ప్రయాణంలో ఇంటిల్లిపాది భాగస్వాములే. తల్లి బంగారం, తండ్రి గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము, చెల్లెలి నికాహ్ కోసం దాచిన పైకం ఆ ఫీజులోకి పోతాయి. వడ్డీకి భయపడి బ్యాంకు గడప తొక్కని కుటుంబాలు బంధువుల వద్ద చేబదులు తీసుకుంటాయి. చదువు ముగిశాక అక్కడే రెండు మూడేళ్లు పనిచేసి బాకీ తీరుస్తాడన్నదే అందరి నమ్మకం. ఆ నమ్మకం నిలబడేది ఒకే ఒక పత్రం మీద. అదే చదువు అనంతర పని అనుమతి, అంటే పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్. జీవితంలో ఒక్కసారే ఇస్తారు. పట్టాతో పాటు అదీ తనంతట తానే వస్తుందని చాలామంది భావిస్తున్నారు. అది పొరపాటు.

మొదట కళాశాల సంగతి. విదేశీ విద్యార్థులను చేర్చుకొనే అధికారం ఉన్న ప్రతి సంస్థ పట్టా ఈ అనుమతికి పనికిరాదు. ప్రభుత్వ కళాశాల పాఠ్యక్రమాన్ని ఒప్పందంపై తీసుకొని ప్రైవేటు కళాశాలలు నడిపే కోర్సులలో 2024 మే 15 తర్వాత చేరినవారికి అర్హత లేదు. కోర్సు కనీసం 8 నెలలది కావాలి. రెండేళ్ల లోపు కోర్సుకు దాని కాలానికి సమానంగా, రెండేళ్లు లేదా అంతకు మించిన కోర్సుకు మూడేళ్లు అనుమతి లభిస్తుంది. మాస్టర్స్ డిగ్రీ రెండేళ్ల లోపుదైనా 2024 ఫిబ్రవరి 15 నుండి మూడేళ్లు ఇస్తున్నారు.

ఇక మన పిల్లలు ఎక్కువగా మోసపోయే చోటు చెబుతాను. ఏజెంటు 'పి.జి.' అంటాడు. అది విశ్వవిద్యాలయపు మాస్టర్స్ డిగ్రీయా, కళాశాల ఇచ్చే పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్టా అని మనం అడగము. రెండింటికీ ఎంతో తేడా ఉంది. 2024 నవంబరు 1 నుండి స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసినవారిలో డిగ్రీ చదివేవారికి ఏ విషయమైనా ఫరవాలేదు. కళాశాల సర్టిఫికెట్, డిప్లొమా చదివేవారికి మాత్రం ఆ విషయం ప్రభుత్వ జాబితాలో ఉండాలి. ఆరోగ్య సేవలు, వ్యవసాయం, సైన్సు సాంకేతిక రంగాలు, వృత్తి నైపుణ్యాలు, రవాణా వంటివి అందులో ఉన్నాయి. వ్యాపార నిర్వహణ సర్టిఫికెట్‌కు లక్షలు పోసి వెళ్లిన బిడ్డకు చివరికి పని అనుమతి రాకపోతే ఆ బాకీ ఎవరు తీర్చాలి?

ఆంగ్ల పరీక్ష కూడా మళ్లీ రాయాలి. డిగ్రీవారికి కెనడా భాషా ప్రమాణంలో 7వ స్థాయి, కళాశాల కోర్సులవారికి 5వ స్థాయి నాలుగు విభాగాలలోనూ రావాలి. ప్రవేశానికి రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ ఇక్కడ చెల్లదు, జనరల్ ట్రైనింగ్ రాయాలి. దరఖాస్తు నాటికి ఫలితానికి రెండేళ్లు దాటి ఉండకూడదు.

బిడ్డలారా, మీకు ఒక మాట. చివరి సెమిస్టరు తప్ప ప్రతి సెమిస్టరులోనూ పూర్తికాల విద్యార్థిగా ఉండాలి. తరగతులు జరిగే కాలంలో బయట వారానికి 24 గంటలకు మించి పనిచేయరాదు. ఇంటికి నాలుగు డబ్బులు పంపాలని రాత్రింబవళ్లు పనిచేసి, అలసిపోయి రెండు సబ్జెక్టులు వదిలేస్తే పాక్షిక విద్యార్థి అవుతారు. ఇంటి కోసం చేసిన ఆ పనే ఇంటి ఆశను దెబ్బతీస్తుంది. తల్లిదండ్రులారా, మొదటి సంవత్సరమే డబ్బు పంపమని వారిని ఒత్తిడి చేయకండి.

చదువు ముగిసినట్లు సంస్థ లిఖితపూర్వకంగా తెలిపిన నాటి నుండి 180 రోజులలోగా దరఖాస్తు చేయాలి. గడువు చాలా ఉందనుకోవద్దు. స్టడీ పర్మిట్ మాత్రం 90 రోజులకే, లేదా దానిపై అచ్చయిన తేదీ అంతకు ముందే ఉంటే ఆ తేదీకే ముగుస్తుంది. అది చెల్లుబాటులో ఉండగానే దరఖాస్తు చేసిన అర్హులు, నిర్ణయం వచ్చేదాకా పూర్తికాలం పనిచేసుకోవచ్చు. పాస్‌పోర్టు గడువు దాటి పని అనుమతి ఇవ్వరు. కాబట్టి బయలుదేరే ముందే దాని గడువు చూసుకోండి.

తెలంగాణ ప్రభుత్వం 2015లో మైనారిటీ విద్యార్థులకు ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం ప్రారంభించింది. పైచదువులకు 20 లక్షల రూపాయల వరకు సాయం అందించే ఈ పథకంలో కెనడా కూడా ఉంది. అది మన హక్కు, దానిని వినియోగించుకుందాం. అయితే సొమ్ము ఇచ్చి చేతులు దులుపుకొంటే సరిపోదు. ఎంచుకొన్న కోర్సుకు పని అనుమతి అర్హత ఉందో లేదో పరిశీలించి చెప్పే సలహా కేంద్రం ప్రతి జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో ఉండాలని మనం అడగాలి. వినతిపత్రాలు రాయాలి, ప్రతినిధులను కలవాలి.

అంతవరకు మన జాగ్రత్త మనదే. చాలామంది ఏజెంట్లకు కళాశాలల నుండి కమీషన్ ముడుతుంది. కెనడా చట్టం ప్రకారం రుసుము తీసుకొని వలస సలహా ఇచ్చే అధికారం అక్కడి న్యాయవాదులకు, లైసెన్సు గల పారాలీగల్‌లకు, క్యూబెక్ నోటరీలకు, ఆ దేశంలో లైసెన్సు పొందిన కన్సల్టెంట్లకు మాత్రమే ఉంది. ఒక్క 2024లోనే ఈ నియమాలు పలుమార్లు మారాయి. అందుచేత ఫీజు కట్టే రోజున కెనడా ప్రభుత్వ అధికారిక జాబితాలో సంస్థ పేరు, కోర్సు పేరు మీరే చూసి, ఆ పుటను తేదీతో సహా ముద్రించి దాచుకోండి. కోర్సు అర్హత గురించి సంస్థ నుండే లిఖితపూర్వక సమాధానం తెప్పించుకోండి.

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్ బాకీని రాసి పెట్టుకోవడం గురించే. బాకీ విషయంలో నోటిమాటను నమ్ముకోవద్దని నేర్చిన సముదాయం మనది. బిడ్డ భవిష్యత్తు విషయంలో ఏజెంటు నోటిమాటతో ఎందుకు సరిపెట్టుకోవాలి?

అల్లాహ్ మన బిడ్డల శ్రమను సఫలం చేయుగాక. ఆమీన్.